జేబుకత్తి

అలుగు పిడిలోకి మడుచుకుపోయే చిన్న కత్తిని జేబుకత్తి అంటారు. మడతకత్తి, చాకు అన్నా ఇదే. దీనికి వేరే ఒర అక్కర్లేదు, పిడే ఒర. పండు కోయడానికి, పెన్సిలు చెక్కడానికి, మూటకు కట్టిన తాడు తెంపడానికి వాడే ఈ వస్తువు చరిత్రలో అలుగు పెద్దగా మారింది లేదు. మారినదంతా అలుగూ పిడీ కలిసే కీలు దగ్గరే. కత్తుల మీద మోజున్నవాళ్లు గంటల తరబడి చర్చించేది ఆ కీలు గురించే. చట్టాలు పట్టించుకునేదీ చాలాచోట్ల దాన్నే.

తొలి రూపాలు

పనిముట్టును ఒంటిమీద పెట్టుకుని తిరగడం మడతకత్తి కన్నా చాలా పాత అలవాటు. 1991లో ఆల్ప్స్ మంచులో ఐదు వేల ఏళ్ల నాటి మనిషి దేహం బయటపడింది. 'ఓట్జి' అని పేరుపడ్డ ఆ మనిషి దగ్గర చెకుముకిరాతి చురకత్తి, దానికి నారతో అల్లిన ఒర ఉన్నాయి. నడుముకు కట్టుకున్న తిత్తిలో గీకుడురాయి, తొలిచే రాయి, ఎముక దబ్బనం, నిప్పు రాజేసుకునే ఎండు పుట్టగొడుగు దొరికాయి. నేటి ఔత్సాహికులు జేబులో సామాను బల్లమీద పరిచి ఫోటో తీస్తారే, ఆ జాబితా ఇంచుమించు ఇదే.

మడిచే కత్తుల్లో బాగా పాతది ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్‌లో దొరికింది. ఎముక పిడి ఉన్న ఆ కత్తి సుమారు క్రీ.పూ. 600–500 నాటిది. కేంబ్రిడ్జ్‌లోని ఫిట్జ్‌విలియం మ్యూజియంలో రోమన్ల కాలపు వెండి పరికరం ఒకటి ఉంది. క్రీ.శ. 3వ శతాబ్దానికి చెందిన దాంట్లో ఇనుప అలుగుతో పాటు చెంచా, ఫోర్కు, పళ్లపుల్ల లాంటివి మడుచుకుని ఉంటాయి. దక్షిణాదిన తాటాకు మీద రాసే గంటాల్లోనూ కొన్నిటికి ఆకు అంచులు కోసుకునే కత్తి జతచేసి ఉండేది.

తొలినాటి మడతకత్తుల్లో అలుగును కదలకుండా ఆపేది రాపిడి ఒక్కటే. చీల వదులైతే వేళ్లమీదికే మూసుకుంటుంది. 17వ శతాబ్దంలో ఇంగ్లండులోని షెఫీల్డ్ పనివాళ్లు పిడి వెన్నులో ఉక్కు స్ప్రింగుపట్టీ బిగించడం మొదలుపెట్టారు. అలుగు తెరిచినా మూసినా ఆ పట్టీ దాని మొదట్ని నొక్కిపెడుతుంది. కాస్త బలం పెడితే తప్ప కదలదు. అలాగని పూర్తిగా బిగుసుకుపోదు. ఈకకలం మొన చెక్కుకునే గుమాస్తా నుంచి రైతు దాకా అందరి జేబుల్లోకీ ఈ కత్తి చేరింది.

ఫ్రాన్సులోని సావోయ్ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ 1890లో చేసిన కత్తి ఇంకా సాదాది. గుండ్రటి కర్రపిడి, అందులో ఒక గాడి, ఒక అలుగు, అంతే. 1955లో మెడ దగ్గర తిప్పే ఉక్కు ఉంగరం చేర్చారు. ఉంగరం తిప్పితే అలుగు మూసుకోదు. జపాన్‌లోని మికి పట్టణంలో 1890లలో పుట్టిన 'హిగోనొకామి'కి ఆ మాత్రం తాళం కూడా లేదు. బొటనవేలితో చిన్న మీట నొక్కి పట్టుకోవాలి. బడిపిల్లలు పెన్సిళ్లు చెక్కుకునే కత్తిగా అది ఇంటింటా ఉండేది. 1960లో సోషలిస్టు నాయకుడు అసనుమా ఇనెజిరోను సభావేదిక మీదే ఓ పదిహేడేళ్ల కుర్రాడు పొడిచి చంపాక, పిల్లల చేతుల్లో కత్తులు వద్దన్న ఉద్యమం ఊపందుకుంది. చంపింది పొట్టి ఖడ్గంతో, దెబ్బ తిన్నది పెన్సిలు చాకు.

స్విస్ సైన్యం కత్తి

1889లో స్విట్జర్లాండ్ సైన్యానికి ష్మిట్-రూబిన్ రైఫిలు వచ్చింది. దాన్ని విప్పడానికి స్క్రూడ్రైవరు కావాలి. సిపాయి భోజనానికి డబ్బా మూత కోసే సాధనమూ కావాలి. ఈ రెండూ, ఒక అలుగూ, ఒక దబ్బనమూ కలిపి ఒకే కత్తిగా ఉండాలని సైన్యం నిర్ణయించింది. సైన్యానికి కావలసినన్ని కత్తులు చేయగల కార్ఖానా స్వదేశంలో లేక తొలి ఆర్డరు జర్మనీలోని జోలింగెన్‌కు వెళ్లింది. ఇబాక్ గ్రామంలో 1884 నుంచి కత్తుల దుకాణం నడుపుతున్న కార్ల్ ఎల్సెనర్‌కు అది నచ్చలేదు. 1891లో ఆయనా సైన్యానికి కత్తులు అందించాడు. కానీ జోలింగెన్ ధరతో పోటీపడలేక దివాలా అంచుకు వెళ్లాడు.

ఆయన్ని గట్టెక్కించింది 1897 జూన్ 12న నమోదు చేయించుకున్న 'ఆఫీసర్ల కత్తి'. అందులో మరో చిన్న అలుగు, సీసా బిరడా లాగే మెలికల ముల్లు అదనంగా చేరాయి. అసలు తెలివంతా లోపల ఉంది. పిడి మధ్యనున్న ఒక్కో స్ప్రింగు కడుపువైపు పరికరాన్నీ వీపువైపు పరికరాన్నీ రెంటినీ నొక్కిపెడుతుంది. ఆరు పరికరాలకు రెండే స్ప్రింగులు సరిపోయాయి, కత్తి తేలికైంది. తమాషా ఏమిటంటే ఈ ఆఫీసర్ల కత్తిని సైన్యం ఆఫీసర్లకు ఇవ్వలేదు, వాళ్లే కొనుక్కున్నారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికా సైనికులు దీన్ని ఇళ్లకు పట్టుకెళ్లి ప్రపంచమంతా పాకించారు. ఎల్సెనర్ సంస్థే నేటి విక్టోరినాక్స్. సైన్యానికి కత్తులు అందించడంలో దశాబ్దాల పాటు పోటీదారుగా ఉన్న వెంగర్‌ను 2005లో కొనేసింది.

అవసరం నుంచి అభిరుచికి

1964లో అమెరికాలో వచ్చిన 'బక్ 110' అనే మడతకత్తిలో, అలుగు తెరుచుకోగానే వెన్నులోని పట్టీ గాటులో పడి బిగుసుకుంటుంది. 1975లో భార్యతో పాత కారులో ఐరోపా తిరిగిన టిమ్ లెదర్‌మన్ జేబులో చాకైతే ఉంది గాని, కారు మరమ్మతుకూ హోటల్ గదుల్లో కారే కుళాయిలకూ కావలసిన పటకారు లేదు. మడిచే పటకారు చుట్టూ కత్తులు అమర్చిన ఆయన పరికరం 1983లో మార్కెట్లోకి వచ్చింది. 1981లో స్పైడర్కో సంస్థ ఒంటిచేత్తో తెరవడానికి అలుగుకు గుండ్రటి రంధ్రం, జేబు అంచుకు తగిలించడానికి పెన్నుకు ఉన్నట్టే క్లిప్పు పెట్టింది. జేబు అడుగున చిల్లర మధ్య దొర్లే కత్తి ఆ క్లిప్పుతో పైకొచ్చి, చూసేవాళ్లకు కనబడసాగింది. ఇప్పటి మోజుకు బీజం పడింది అక్కడేనని చెప్పవచ్చు.

ఇంటర్నెట్ వ్యాపించాక ఈ మోజుకు 'ఎవ్రీడే క్యారీ' అని పేరు స్థిరపడింది. ముద్దుగా ఈడీసీ. కత్తి, చిన్న ఎల్‌ఈడీ టార్చి, పెన్ను, లైటరు, సన్నటి పర్సు ఇందులో మామూలు సామాను. ఉక్కు రకాలు, పిడికి టైటానియమా కర్రా, తెరిచేటప్పుడు 'టక్కు'మనే చప్పుడు, మూసినప్పుడు అలుగు సరిగ్గా నడిమధ్య నిలిచిందా లేదా అన్నవి ఈ మోజున్నవాళ్ల చర్చలు. ఇంత ఖరీదైన ఉక్కుకు పడే పని చాలావరకు అట్టపెట్టెల టేపు కోయడమే. అయినా సానబెట్టడం శ్రద్ధగా నేర్చుకుంటారు. ఆ విద్య మాత్రం వంటింటికీ పనికొస్తుంది.

చట్టాలు

మీట నొక్కగానే అలుగు ఎగిరి తెరుచుకునే కత్తుల అంతర్రాష్ట్ర వ్యాపారాన్ని అమెరికా 1958లో నిషేధించింది. బ్రిటన్‌లో 1988 చట్టం ప్రకారం మూడంగుళాలు మించని మడతకత్తిని కారణం చెప్పకుండానే వెంట ఉంచుకోవచ్చు. కానీ అలుగు తాళం పడేదైతే ఆ వెసులుబాటు లేదని కోర్టులు తేల్చాయి. భారత ఆయుధ నిబంధనల్లో కొలతలే ప్రధానం. తొమ్మిది అంగుళాల పొడవు లేదా రెండంగుళాల వెడల్పు దాటిన అలుగు ఆయుధమవుతుంది. ఇంటిపనికి, సేద్యానికి ఉద్దేశించినవాటికి మినహాయింపు ఉంది. ఢిల్లీలో బొత్తాం నొక్కితే తెరుచుకునే కత్తుల అలుగుకు అంతకన్నా కఠినమైన పరిమితి ఉంది, 7.62 సెంటీమీటర్లు.

2001 సెప్టెంబరులో అమెరికాపై జరిగిన దాడుల తర్వాత విమానంలో చేతిసంచీలోకి కత్తులు నిషిద్ధమయ్యాయి. విమానాశ్రయ దుకాణాల మీద బాగా ఆధారపడ్డ విక్టోరినాక్స్ అమ్మకాలు కూలిపోయాయి. 2013లో అమెరికా చిన్న కత్తులను మళ్లీ అనుమతించబోయి, విమాన సిబ్బంది అభ్యంతరంతో వెనక్కి తగ్గింది. అలుగే లేని పరికరాలు తయారుచేసే ఆలోచనలో ఉన్నామని 2024లో విక్టోరినాక్స్ ప్రకటించింది. సైకిలు తొక్కేవాళ్ల లాంటి కొనుగోలుదారులను దృష్టిలో పెట్టుకున్నామనీ, మామూలు కత్తుల తయారీ మాత్రం ఆగదనీ చెప్పింది.