గోదాలో దిగినవాడి కూలి



మల్లుల బలం గురించి మనం ఎన్నో కథలు చెప్పుకుంటాం. వారి కూలి గురించి మాత్రం అడగం. గోదాలో ఒకడు గెలిచాడంటే చప్పట్లు కొట్టి ఇంటికి వెళ్లిపోతాం. టిక్కెట్ల డబ్బులో అతని చేతికి ఎంత వచ్చిందన్న ఆలోచన మనకు రాదు. ఈ వేళ ఆ సంగతే మీకు మనవి చేయదలచాను.

మీ ఇళ్లలో కుర్రవాళ్లు టీవీలో ఇష్టంగా చూసే పోటీ ఒకటుంది. కుస్తీ, బాక్సింగు, జూడో అన్నీ కలిపి, చుట్టూ కంచె కట్టిన బరిలో ఆడేది. దాని పేరు మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్. అందులో ఆడేవారికి న్యాయమైన ప్రతిఫలం అందుతోందా అన్న తగాదా అమెరికాలో కోర్టుకెక్కింది. దాని మంచిచెడ్డలు తెలియాలంటే ముందు మన వెనకటి మల్లులను ఒకసారి తలచుకోవాలి.

కోడి రామమూర్తినాయుడు గారి పేరు వినని తెలుగువారుండరు. ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టారు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో పిల్లలకు వ్యాయామం నేర్పారు. తరువాత సొంతంగా సర్కసు పెట్టారు. రొమ్ము మీద ఏనుగును ఎక్కించుకున్నారు, కదిలే కార్లను పట్టి ఆపారు. ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. ఆ డేరా ఆయనది, కాబట్టి వసూళ్ల లెక్కా ఆయన చేతిలోనే ఉండేది. ఆయన ధారాళంగా దానధర్మాలు చేశారు. 1942లో కన్నుమూశారు. గడించినది మిగలకపోయినా, ఖర్చు చేసినది ఆయన ఇష్టప్రకారమే.

గామా పహిల్వాను కథ వేరు. 1910లో లండను వెళ్లి జిబిస్కో అనే పోలెండు మల్లుడితో రెండున్నర గంటలకు పైగా పట్టుపట్టాడు. ఫలితం తేలలేదు. మళ్లీ పెట్టిన పోటీకి జిబిస్కో రాకపోవడంతో గామానే విజేత అన్నారు. 1928లో పటియాలాలో అదే జిబిస్కోను నిమిషం లోపలే పడగొట్టాడు. ఇంతటివాడికీ ఆధారం రాజుల ఆదరణే. దేశ విభజన తరువాత ఆ అండ పోయింది. చివరి రోజులు ఇబ్బందుల్లో గడిచి, 1960లో లాహోరులో పోయాడు. రాజు ఇచ్చేది బహుమానం. బహుమానానికి లెక్క అడిగే హక్కు ఉండదు.

మన వేలూరు సత్తువాచ్చారికి చెందిన సతీష్ శివలింగం 2014లో గ్లాస్గోలోనూ, 2018లో గోల్డ్‌కోస్ట్‌లోనూ బరువులెత్తి కామన్వెల్త్ స్వర్ణాలు తెచ్చారు. రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షల రూపాయల చొప్పున బహుమానం ప్రకటించింది. సంతోషం. అయితే అది గెలిచినవారికి దక్కేది. ఓడినవాడి ఇంట్లోనూ పొయ్యి వెలగాలి కదా!

ఇప్పుడు అమెరికా సంగతికి వద్దాం. అల్టిమేట్ ఫైటింగ్ ఛాంపియన్‌షిప్ అనే సంస్థ 1993లో మొదలైంది. 2001లో కొత్త యజమానులు దానిని సుమారు 20 లక్షల డాలర్లకు కొన్నారు. 2016లో సుమారు 400 కోట్ల డాలర్లకు అమ్మారు. మధ్యలో వారు నష్టాలు భరించారు, ఆటకు పేరు తెచ్చారు, పేరున్న ఆటగాళ్లకు కోట్లు ముట్టజెప్పారు. ఇదంతా నిజమే. కానీ కింది మెట్టు మీద ఉన్నవాడికి బరిలో దిగినందుకు కొంత, గెలిస్తే మరి కొంత. అందులోనే గురువుకు, మేనేజరుకు, పన్నుకు ఇచ్చుకోవాలి. దెబ్బ తగిలి ఆరు నెలలు మంచాన పడితే ఆ ఆరు నెలలూ పోటీ లేదు, రాబడీ లేదు.

2014లో కొందరు ఆటగాళ్లు దావా వేశారు. ఆదాయంలో తమకు అందేది అయిదో వంతు కూడా లేదనీ, ఆ దేశపు బాస్కెట్‌బాల్ ఆటగాళ్లకు ఇంచుమించు సగం అందుతుందనీ వాదించారు. పోటీ సంస్థలను కొనేసి, పొడుగాటి ఒప్పందాలతో తమను కట్టిపడేశారన్నారు. చివరికి 37.5 కోట్ల డాలర్ల రాజీ కుదిరింది. 2025లో కోర్టు దానికి ఆమోదముద్ర వేసింది. అది రాజీ గనుక ఎవరిది న్యాయమో కోర్టు తేల్చి చెప్పలేదు.

బాక్సర్ల కోసం అమెరికాలో 2000లోనే మహమ్మద్ అలీ పేరిట ఒక చట్టం చేశారు. పోటీ మీద తనకెంత వచ్చిందో నిర్వాహకుడు బాక్సరుకు చెప్పాలి. ఆ చట్టం ఈ కంచె బరి ఆటగాళ్లకు వర్తించలేదు. పైగా ఒప్పందాల ప్రకారం వారు ఉద్యోగులు కారు, స్వతంత్ర కాంట్రాక్టర్లు.

ఈ మాట గుడియాత్తం శ్రోతలకు కొత్తగా అనిపించదు. ఆకూ పొగాకూ ఇంటికి తెచ్చుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లను గురించి కూడా ఒకప్పుడు ఇదే అన్నారు. మా దగ్గర పనిచేసేవాళ్లు కారు, వాళ్ల ఇంట్లో వాళ్లు చుట్టి ఇస్తున్నారు అన్నారు. 1966లో వచ్చిన బీడీ కార్మికుల చట్టం, ఇంట్లో చుట్టినా పనివాళ్లేనని చెప్పింది. యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1974లో కోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. వెయ్యి బీడీలకు కూలి ఎంత అన్న ప్రశ్న కంటే ముందు, పనివాళ్లమని అనిపించుకోవడానికే అంత పోరాటం జరిగింది.

నాకు తోచేది ఇదీ. కూలి న్యాయమైనదా కాదా అన్నది అంకె పెద్దదా చిన్నదా అన్న దాని మీద తేలదు. మొత్తం వసూలు ఎంతో చెప్పకుండా, నీకింత అని చేతిలో పెడితే, అది వేయి రూపాయలైనా లక్ష రూపాయలైనా బహుమానమే. లెక్క చూసే హక్కు, నచ్చకపోతే మరొకరి దగ్గరికి వెళ్లే వీలు, ఈ రెండూ ఉన్నప్పుడే అది కూలి అవుతుంది. కంచె బరిలో రెండూ కొరవడ్డాయి. అందుకే అది న్యాయం కాదంటున్నాను.

2024లో పూజా తోమర్ ఆ బరిలో గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. రేపు మీ పిల్లలూ ఆ దారి పట్టవచ్చు, వద్దనకండి. కానీ సంతకం పెట్టేముందు మీరు పక్కన కూర్చుని ఆ కాగితం చదవండి. వసూలులో వాటా ఎంత, దెబ్బ తగిలితే వైద్యం ఎవరిది, ఎన్నాళ్లకు విడుదల అని అడగండి. ఒళ్లు పిల్లవాడిదైనప్పుడు లెక్క అడిగే హక్కూ వాడిదే.