టోకెన్ల సర్వస్వం

2010 జూలైలో ఇంగ్లీషు వికీపీడియా బిట్‌కాయిన్ పేజీని తొలగించింది. దాని గురించి పెద్ద పత్రికలేవీ రాయలేదు, నమ్మదగిన మూలాలు లేవు, కాబట్టి విషయ ప్రాముఖ్యత లేదని అక్కడి సంపాదకులు తేల్చారు. వాళ్ల నియమాల ప్రకారం అందులో తప్పేమీ లేదు. అప్పటికి బిట్‌కాయిన్ వయసు ఏడాదిన్నర. సతోషి నకమోటో అన్న మారుపేరుతో ఎవరో 2008 అక్టోబరు 31న తొమ్మిది పేజీల పత్రం ఒకటి బయటపెట్టారు. 2009 జనవరి 3న మొదటి బ్లాక్ పుట్టింది. చెప్పుకోవడానికి అంతకుమించి చరిత్ర లేదు. ఆ ఏడాది చివర్లో పేజీ తిరిగి వచ్చింది గానీ, తమను లెక్కలోకి తీసుకోలేదన్న కోపం క్రిప్టో మనుషుల్లో మిగిలిపోయింది. తమ సంగతి తామే రాసుకోవాలన్న పట్టుదలకు వేళ్లు అక్కడున్నాయి. ఈరోజు ఐక్యూ.వికీ పేరుతో నడుస్తున్న క్రిప్టో విజ్ఞాన సర్వస్వం ఆ పట్టుదలకు ఒక రూపం. కానీ అది అలా ఉండాలని పుట్టలేదు. ప్రపంచంలోని సమస్తం గురించీ చెప్పాలని బయలుదేరి, చివరికి క్రిప్టో దగ్గర ఆగింది. ఆ ప్రయాణం వెనుక ఉన్నది ఒక పాత ప్రశ్న: విజ్ఞాన సర్వస్వం రాసేవాడికి కూలి ఎవరివ్వాలి?

ఈ ప్రశ్న తెలుగువాళ్లకు కొత్త కాదు. కొమర్రాజు లక్ష్మణరావు ఒంటిచేత్తో తలకెత్తుకున్న ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తొలి సంపుటాల దగ్గరే ఆగిపోయింది. 1923లో ఆయన కన్నుమూశారు. తర్వాత దాన్ని మళ్లీ లేవనెత్తినవారు అమృతాంజనం అధిపతి కాశీనాథుని నాగేశ్వరరావు. ఎక్కడైనా కథ ఇంతే. పాండిత్యం ఒకరిది, డబ్బు మరొకరిది. రెండూ ఒకచోట కలిసినంత కాలమే పని సాగుతుంది.

ఇంటర్నెట్ కాలంలో ఈ ముడి మొదట ల్యారీ శాంగర్ చేతికి వచ్చింది. 2000లో జిమ్మీ వేల్స్ కంపెనీ బోమిస్ డబ్బుతో నుపీడియా మొదలైంది. తత్వశాస్త్రంలో డాక్టరేటు చేసిన శాంగర్ దానికి ప్రధాన సంపాదకుడు. ప్రతి వ్యాసం నిపుణుల చేతుల్లో ఏడు దశల పరీక్ష దాటాలి. ఫలితంగా మొదటి ఏడాదిలో రెండు డజన్ల వ్యాసాలు కూడా రాలేదు. ఆ మందకొడితనానికి మందుగా 2001 జనవరి 15న పక్కనే తెరిచిన వికీ, అసలుదాన్నే మింగేసి వికీపీడియా అయింది. 2002 ఆరంభానికి డాట్‌కామ్ బుడగ పగిలి బోమిస్ దగ్గర డబ్బు అయిపోయింది, శాంగర్ జీతం ఆగిపోయింది. ప్రకటనలు వేసుకోవచ్చేమోనన్న మాట అప్పుడే ఎవరి నోటనో వచ్చింది. ఆ మాట చాలు, స్పానిష్ వికీపీడియా రచయితల్లో ఒక పెద్ద గుంపు తమ రాతలన్నీ మూటగట్టుకుని వేరుపడి ఎన్సిక్లోపీడియా లిబ్రే పెట్టుకుంది. ఆ దెబ్బతో వికీపీడియా ప్రకటనల జోలికి మళ్లీ పోలేదు. 2003 జూన్‌లో వికీమీడియా ఫౌండేషన్ ఏర్పడింది. విరాళాలతో సర్వర్లు నడుస్తాయి, రాసేవాళ్లు ఉచితంగా రాస్తారు. అదే ఏడాది డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా కూడా ఈ ఒప్పందం మీదే బతుకుతోంది.

ఈ ఒప్పందం నచ్చనివాళ్లు ఎప్పుడూ ఉన్నారు. వాళ్లలో ఇద్దరు లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ ప్రాంగణంలో కలిశారు: ఇరాన్ మూలాలున్న సామ్ కజేమియన్, స్వీడన్‌కు చెందిన థియోడర్ ఫోర్సెలియస్. 2014 చివర్లో వాళ్లు పని మొదలుపెట్టిన ఎవరీపీడియా 2015లో జనం ముందుకు వచ్చింది. ర్యాప్ జీనియస్ స్థాపకుల్లో ఒకడైన మహబోద్ మొఘదమ్ వాళ్లతో చేరాడు. వికీపీడియాకు ఇది రౌడీ తమ్ముడు అన్న ధోరణిలో మాట్లాడేవాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. ఎవరీపీడియా ఇంగ్లీషు వికీపీడియా వ్యాసాలన్నిటినీ, లైసెన్సు అనుమతిస్తుంది కాబట్టి, ఉన్నవున్నట్టు దించుకుంది. ఆ పైన విషయ ప్రాముఖ్యత అన్న నియమాన్ని ఎత్తేసింది. యూట్యూబులో పేరున్న కుర్రాడికీ, చిన్న స్టార్టప్‌కూ, ఎవరికైనా ఇక్కడ పేజీ ఉండొచ్చు. 2017 నాటికి 60 లక్షల వ్యాసాలు దాటాయని, ఇంగ్లీషులో ఇంతకన్నా పెద్దది లేదని చెప్పుకునేవారు. అందులో సింహభాగం పక్కింటి పొలంలో పండిన పంట అన్నది వేరే సంగతి.

వాళ్ల అసలు మలుపు 2017 డిసెంబరులో వచ్చింది. బిట్‌కాయిన్ ధర ఇరవై వేల డాలర్ల అంచుకు చేరిన నెల అది. ఏ కంపెనీ అయినా పేరులో బ్లాక్‌చెయిన్ అన్న మాట చేరిస్తే షేరు ధర ఎగిరే రోజులు. తమ విజ్ఞాన సర్వస్వాన్ని బ్లాక్‌చెయిన్ మీదకు మారుస్తామని ఎవరీపీడియా ప్రకటించింది. ప్రధాన సమాచార అధికారిగా సాక్షాత్తూ ల్యారీ శాంగర్‌ను తెచ్చుకుంది. వికీపీడియాను విమర్శించడంలో అప్పటికే ఆయనది చాలా ఏళ్ల అనుభవం. 2006లో నిపుణుల పర్యవేక్షణతో సిటిజెండియం అనే పోటీ వేదికను తలపెట్టి, అది పెద్దగా ఎదగకపోవడమూ చూశారు. అయితే ఈ బ్లాక్‌చెయిన్ ఆలోచన ఎవరీపీడియాకే మొదట వచ్చింది కాదు. అదే ఏడాది లూనైర్ అనే జట్టు ఎథీరియం అనే బ్లాక్‌చెయిన్ మీద విజ్ఞాన సర్వస్వం కడతామంటూ టోకెన్లు అమ్మింది. అంతకుముందు ఏడాదే స్టీమిట్ అనే వేదిక రాతకు టోకెన్లు పంచడం మొదలుపెట్టింది. స్టీమిట్ వెనుకున్న స్టీమ్‌ను తీర్చిదిద్దిన డాన్ ల్యారిమరే ఈఓఎస్ అన్న కొత్త బ్లాక్‌చెయిన్ గొలుసునూ రూపొందించాడు. ఎవరీపీడియా ఎంచుకున్నది ఆ ఈఓఎస్‌నే. దాని వెనుకున్న బ్లాక్.వన్ కంపెనీ ఏడాది పాటు టోకెన్లు అమ్మి దాదాపు 400 కోట్ల డాలర్లు పోగుచేసింది. ఆ అమ్మకాన్ని నమోదు చేయకుండా సాగించినందుకు అమెరికా నియంత్రణ సంస్థ 2019లో వేసిన జరిమానా 2.4 కోట్ల డాలర్లు. పోగైనదానితో పోలిస్తే చిల్లర. 2018 ఫిబ్రవరిలో గెలాక్సీ డిజిటల్ అనే పెట్టుబడి సంస్థ నేతృత్వాన ఎవరీపీడియాకు 3 కోట్ల డాలర్ల పెట్టుబడి వచ్చింది. ఆ ఆగస్టులో ఈఓఎస్ మీద పని మొదలైంది.

ఈ ఏర్పాటు ఎలా పనిచేసేదో కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే ఆశా లోపమూ రెండూ ఇందులోనే ఉన్నాయి. ఐక్యూ అనే టోకెన్ పుట్టింది, మొత్తం 1000 కోట్లు. వ్యాసంలో మార్పు చేయదలచినవాడు ముందు కొన్ని ఐక్యూలు పణంగా పెట్టాలి. మిగతా టోకెన్‌దారులు ఆ మార్పు మీద ఓటు వేస్తారు. నెగ్గితే పణం తిరిగొస్తుంది, పైగా కొత్త ఐక్యూలు బహుమతి. ఓడితే పెట్టినదానికే ముప్పు. అంటే చెత్త రాయడానికి ఖరీదు, మంచి రాయడానికి కూలి. వినడానికి ఎంతో సొగసైన లెక్క. వ్యాసం పూర్తి పాఠాన్ని గొలుసులో దాచడం ఖర్చుతో కూడిన పని కాబట్టి, పాఠం ఐపీఎఫ్‌ఎస్ అనే పంపిణీ నిల్వలో ఉంటుంది. దాని వేలిముద్రలాంటి హ్యాష్ మాత్రం గొలుసులో నమోదవుతుంది. ఏ దేశ ప్రభుత్వమూ దీన్ని మూసేయలేదని, వికీపీడియా టర్కీలోనూ చైనాలోనూ నిషేధానికి గురైన ఆ రోజుల్లో ఈ మాటకు విలువుందని స్థాపకులు అనేవారు. అందులో నిజముంది.

అయితే టోకెన్లు మొదట ఎవరికి చేరాయి? ఈఓఎస్ నాణేలు ఉన్నవారికి ఒక్కోదానికి 5.1 ఐక్యూల చొప్పున ఉచితంగా పంచారు. 100 కోట్ల ఈఓఎస్‌లు ఉండేవి కాబట్టి, పుట్టిన ఐక్యూల్లో సగానికి పైగా అలా వెళ్లిపోయాయి. వెళ్లింది వ్యాసాలు రాసేవారికీ సరిచూసేవారికీ కాదు, ఒక నాణెం కొనిపెట్టుకున్నవారికి. వాళ్లలో ఎంతమందికి మొగలుల పన్నుల విధానం మీద వచ్చిన దిద్దుబాటును తూచే ఓపిక ఉంటుంది? ఓటు బరువు చదువును బట్టి కాక చేతిలోని టోకెన్లను బట్టి ఉంది. నుపీడియాలో పరీక్షకులు తక్కువై వ్యాసం కదలలేదు. ఇక్కడ పరీక్షకులు కావలసినంత మంది, పరీక్షించే ఆసక్తే అనుమానం. గొలుసు చెప్పగలిగేది ఫలానా రోజు ఫలానా పాఠం ఇలా ఉంది, తర్వాత ఎవరూ చెరపలేదు అని మాత్రమే. ఆ పాఠం సరైనదా కాదా అన్నది దానికి పట్టదు. పైగా ఒక వ్యక్తి జీవితం గురించి తప్పు రాస్తే, చెరపడం కుదరకపోవడం గుణం కాదు, శాపం.

2019 అక్టోబరులో శాంగర్ వెళ్లిపోయారు. తన వాటాను కంపెనీకే వదిలేశారు. విజ్ఞాన సర్వస్వాలన్నిటికీ ఒకే సాంకేతిక ప్రమాణం ఉండాలని, ఏ ఒక్క వేదికా యజమాని కాకూడదని నాలెడ్జ్ స్టాండర్డ్స్ ఫౌండేషన్ పెట్టుకున్నారు. బ్లాగులకు ఉన్న స్వేచ్ఛలాంటిది వ్యాసాలకూ కావాలన్నది ఆ ఆలోచన. టోకెన్ అవసరం అందులో లేదు. ఆయన వెళ్లిన మరుసటి నెలలోనే ఈఓఎస్‌కు కష్టం వచ్చింది. ఈడోస్ అనే మరో ఉచిత టోకెన్ కోసం జనం ఎగబడటంతో గొలుసు కిక్కిరిసి, మామూలు వాడుకరులకు ఒక చిన్న లావాదేవీ చేయడమూ భారమైంది. రుసుము లేకుండా రాసుకోవచ్చన్న ఆకర్షణ అక్కడితో సడలింది.

ఈ మధ్యలో ఎవరీపీడియా చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది వ్యాసాలతో సంబంధం లేనిది. 2020 నవంబరు అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఏ రాష్ట్రంలో ఎవరు గెలిచారన్న అసోసియేటెడ్ ప్రెస్ ప్రకటనలను ఎవరీపీడియా సాఫ్ట్‌వేర్ ద్వారా ఎథీరియం, ఈఓఎస్ గొలుసుల మీద నమోదు చేశారు. అదొక ఘనతే. కానీ ఆ ఫలితాలను జనం నమ్మింది 1848 నుంచి ఎన్నికల ఫలితాలు చెబుతూ వస్తున్న వార్తాసంస్థ పేరును చూసి, కౌంటీ కౌంటీలో లెక్కలు సేకరించిన దాని మనుషులను చూసి. గొలుసు అందులో గుమాస్తా. ఆ పాత్రలో అది బాగానే పనిచేసింది.

2021 తర్వాత చకచకా మార్పులు జరిగాయి. ఈఓఎస్ వెలుగు తగ్గడంతో ఐక్యూ ఎథీరియం వైపు నడిచింది. కంపెనీ స్థానంలో బ్రెయిన్‌డావో అనే సభ్యుల ఓటు వ్యవస్థ వచ్చింది. టోకెన్లను నాలుగేళ్ల దాకా తాళం వేసుకుంటే అంత ఎక్కువ ఓటు బరువు దక్కే హైఐక్యూ పద్ధతి, కర్వ్ అనే సంస్థ చూపిన దారిలోనిది. కొత్త వేదిక ఐక్యూ.వికీకి దిద్దుబాట్ల నమోదు పాలిగాన్ మీద పెట్టారు. జయంతి కనానీ, సందీప్ నైల్వాల్, అనురాగ్ అర్జున్ 2017లో మన దేశంలో మాటిక్ పేరుతో మొదలుపెట్టిన గొలుసే ఇది. అప్పట్లో ఎథీరియంలో డాలర్లలో అయ్యే ఖర్చు ఇక్కడ పైసల్లో అయ్యేది. 2022లో పాత ఎవరీపీడియా స్థానాన్ని ఐక్యూ.వికీ తీసుకుంది. దించుకున్న లక్షల వ్యాసాలు వెనకబడ్డాయి. ఇక మిగిలిన విషయం ఒక్కటే: నాణేలు, టోకెన్లు, ఎన్‌ఎఫ్‌టీలు, డావోలు, వాటి వెనుకున్న మనుషులు. ఇంగ్లీషుతో పాటు కొరియన్, చైనీస్ భాషల్లో వ్యాసాలు వచ్చాయి.

ఈ కుదింపును ఓటమి అనుకోవచ్చు. నాకైతే ఆ ఏళ్లన్నిటిలో వాళ్లు తీసుకున్న అత్యంత తెలివైన నిర్ణయంగా కనిపిస్తుంది. మొగలుల పన్నుల మీద ఓటు వేయలేని టోకెన్‌దారు, తాను కొన్న నాణెం గురించి మాత్రం అర్ధరాత్రి లేపి అడిగినా చెబుతాడు. వికీపీడియాలో చోటు దొరకని ప్రాజెక్టుకు ఇక్కడ పేజీ దొరుకుతుంది. కూలీ ఆసక్తీ మొదటిసారి ఒకే దిక్కుకు తిరిగాయి. కాకపోతే కొత్త చిక్కు అక్కడే మొదలు. కజేమియన్ 2020 డిసెంబరులో ఫ్రాక్స్ అనే స్టేబుల్‌కాయిన్, అంటే డాలరు విలువకు కట్టుబడి ఉండాల్సిన నాణెం, ప్రారంభించాడు. ఎవరీపీడియా జట్టులోని ట్రావిస్ మూర్ అందులోనూ భాగస్వామి. 2022 మేలో టెర్రా స్టేబుల్‌కాయిన్ కూలి దాదాపు 4000 కోట్ల డాలర్లు ఆవిరైనప్పుడు, అలాంటి నాణేల పనితీరు గురించి నిష్పక్షపాతంగా చెప్పే చోటు జనానికి ఎంతో అవసరమైంది. ఫ్రాక్స్ నిలబడింది, తర్వాత పూర్తి తనఖా వైపు మళ్లింది. అయినా నాణెం చేసేవాళ్లూ, నాణేల చరిత్ర రాసే వేదిక నడిపేవాళ్లూ ఒకే గుంపు అయినప్పుడు పాఠకుడు కళ్లు తెరిచే చదవాలి. వికీపీడియాలో దీన్ని ప్రయోజన వైరుధ్యం అని దూరం పెడతారు. ఇక్కడ వ్యవస్థకు పునాదే అది: విషయంలో వాటా ఉన్నవాడే రాయాలి, ఓటెయ్యాలి.

ఎదుటి గట్టున ఏం జరుగుతోందో కూడా చూడాలి. వికీమీడియా ఫౌండేషన్ 2014 జూలైలో బిట్‌కాయిన్ విరాళాలు తీసుకోవడం మొదలుపెట్టి, 2022 మేలో మానేసింది. వాడుకరుల చర్చలో పాల్గొన్నవారిలో 70 శాతానికి పైగా మానేయమన్నారు, పర్యావరణ భారం ముఖ్యమైన అభ్యంతరం. ఆ ముందటి ఆర్థిక సంవత్సరంలో క్రిప్టో రూపంలో వచ్చింది 1.3 లక్షల డాలర్లు, మొత్తం రాబడిలో 0.08 శాతం. వదులుకోవడం కష్టమేమీ కాలేదు. అయితే జిమ్మీ వేల్స్ మాత్రం 2021 డిసెంబరులో వికీపీడియా తొలి దిద్దుబాటును ఎన్‌ఎఫ్‌టీగా క్రిస్టీస్ వేలంలో పెడితే 7.5 లక్షల డాలర్లు పలికింది.

2023లో ఐక్యూ.వికీ తన వ్యాసాల మీద ఐక్యూ జీపీటీ అనే కృత్రిమ మేధను నిలబెట్టింది. అడిగినదానికి జవాబు చెప్పడం, వ్యాసాలు కుదించడం దాని పని. వాడుకరి టోకెన్ పణంగా పెట్టి రాయాలి, మరొకడు టోకెన్‌తో ఓటెయ్యాలి అన్న పాత లెక్కలో రాసేవాడి చోటు యంత్రం ఆక్రమించడం మొదలైంది. యంత్రానికి కూలి అక్కర్లేదు, కరెంటు చాలు. పణం పోతుందన్న భయమూ లేదు. ఆ లెక్క పనిచేసింది భయపడే మనిషి ఉంటాడన్న నమ్మకం మీద కదా. భయం లేని రచయిత రాసినదాన్ని సరిచూసే టోకెన్‌దారుకు ఎంత ఇస్తే కుదురుగా కూర్చుని చదువుతాడో ఏ శ్వేతపత్రమూ ఇంకా చెప్పలేదు.