ఏదుపంది వేట – చరిత్ర

ఏదుపంది వేట భారత ఉపఖండంలో ప్రధానంగా మూడు అవసరాల కోసం సాగింది: తినడానికి మాంసం, చేతిపనులకు ముళ్ళు, ప్రదర్శనకు చర్మం. తెలుగువారు ఏదుపంది, ముళ్ళపంది అని పిలిచే ఈ జంతువు శాస్త్రీయ నామం హిస్ట్రిక్స్ ఇండికా. 1792లో రాబర్ట్ కెర్ ఈ పేరుతో దాన్ని వర్ణించాడు. పేరులో పంది ఉన్నా దీనికి పందితో చుట్టరికం లేదు. ఎలుక, ఉడుత చేరిన వర్గానికే ఇదీ చెందుతుంది. ఎదిగిన జంతువు 11 నుంచి 18 కిలోల బరువు తూగుతుంది. పగలు బొరియలో ఉండి, రాత్రిపూట దుంపలు, వేళ్ళు, చెట్ల బెరడు, రాలిన పండ్లు, పొలాల్లోని వేరుశనగ తింటుంది. దాని ముళ్ళు గట్టిపడిన వెంట్రుకలే. వాటిని బాణాల్లా విసురుతుందన్న నమ్మకం సరికాదు. ముళ్ళు నిక్కబొడుచుకుని వెనక్కి దూకినప్పుడు, వదులుగా ఉన్నవి ఊడి శత్రువు ఒంట్లో దిగబడతాయి.

తొలి ఆధారాలు

ఏదుపందికీ తెలుగు నేలకూ ఉన్న సంబంధం చాలా పాతది. ఇప్పటి నంద్యాల జిల్లా బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలను 1884–85లో రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కుమారుడు హెన్రీ ఫూట్ తవ్వించారు. అక్కడ దొరికిన ఎముకలను పరిశీలించిన రిచర్డ్ లిడెక్కర్, అంతరించిపోయిన ఒక ఏదుపంది జాతిని గుర్తించి 1886లో హిస్ట్రిక్స్ క్రాసిడెన్స్ అని పేరు పెట్టాడు. ఏదుపందులు ఎముకలను బొరియల్లోకి ఈడ్చుకుపోయి కొరుకుతాయి. అందువల్ల గుహల్లో దొరికే ఎముకల్లో మనుషులు తిని పారేసినవేవో, ఏదుపందులు తెచ్చుకున్నవేవో పంటి గాట్లను చూసి వేరుచేయాలి.

ధర్మశాస్త్రాల్లో, వైద్య గ్రంథాల్లో

అయిదు గోళ్ళున్న జంతువుల్లో తినదగినవి అయిదే అన్న నియమం ప్రాచీన గ్రంథాల్లో పలుచోట్ల కనిపిస్తుంది. ఆ జాబితాలో కుందేలు, ఉడుము, తాబేలుతో పాటు ఏదుపందికి కూడా చోటుంది. ఆపస్తంబ ధర్మసూత్రం, మనుస్మృతి అయిదో అధ్యాయం కూడా ఏదుపందిని తినదగినవాటిలో చేర్చాయి. వాల్మీకి రామాయణం కిష్కింధకాండలో, బాణం తగిలి పడిపోయిన వాలి ఈ నియమాన్నే ఎత్తి చూపి, కోతి మాంసం తినరానిది కదా, నన్నెందుకు చంపావని రాముణ్ణి నిలదీస్తాడు. పతంజలి మహాభాష్యంలోనూ, మీమాంస చర్చల్లోనూ ఇదొక ప్రసిద్ధ ఉదాహరణ: ఈ వాక్యం ఈ అయిదింటినీ తినమని ఆజ్ఞాపించడం లేదు, మిగిలినవాటిని వద్దంటోంది. చరక సంహిత ఏదుపందిని బొరియల్లో నివసించే జంతువుల మాంసవర్గంలో చేర్చింది.

ముల్లుకు మాంసం కన్నా పవిత్రమైన స్థానం దక్కింది. గర్భిణికి చేసే సీమంతంలో భర్త ఆమె పాపిట తీయడానికి, మూడు చోట్ల తెల్లని మచ్చలున్న ఏదుముల్లును దర్భలతో, పచ్చికాయల గుత్తితో కలిపి వాడాలని ఆపస్తంబ గృహ్యసూత్రం విధించింది. తెలుగు వైదిక కుటుంబాల్లో ఆపస్తంబ సూత్రాన్ని అనుసరించేవారే ఎక్కువ కావడంతో, మాంసం ముట్టని ఇళ్ళలో కూడా ఏదుముల్లు తరతరాలుగా భద్రంగా నిలిచింది. రాలిన ముల్లు ఇందుకు సరిపోతుంది; జంతువును చంపవలసిన పని లేదు.

ఆ తరువాతి శతాబ్దాల్లో రాజుల వేట వర్ణనలను పులులు, అడవిపందులు, జింకలే ఆక్రమించాయి.

తిండి కోసం వేట

ఏదుపందిని ఎక్కువగా వేటాడింది అడవిని, మెట్ట పొలాలను ఆనుకుని బతికిన సామాన్య జనం. బొరియకున్న దారుల్లో ఒకటి మాత్రం వదిలి మిగిలినవి రాళ్ళతో, మట్టితో మూసి లోపలికి పొగ పెట్టడం, బయటికి వచ్చేచోట వల పట్టడం, వేటకుక్కలను వదలడం, బొరియను తవ్వడం, రాత్రి నడిచే దారిలో ఉచ్చు వేయడం వాడుకలో ఉన్న పద్ధతులు. వెన్ను, తోక ముళ్ళతో నిండి ఉంటాయి గనుక వేటగాడు ముఖం వైపు నుంచి వచ్చి, తల మీద కర్రతో కొట్టేవాడు. కుక్కలు తరచూ మూతికి, మెడకు ముళ్ళు గుచ్చుకుని గాయపడేవి. మాంసం కోసమైతే ముళ్ళు పీకి, మిగిలిన బొచ్చును మంట మీద కాల్చి, తోలు గీకేవారు. మాంసం తెల్లగా, కొవ్వు పట్టి, పంది మాంసానికి దగ్గరగా ఉంటుంది. దాని కడుపు ఎండబెట్టి ఉబ్బసానికి మందుగా వాడడం దక్షిణాదిలో పలుచోట్ల ఉంది. అది పనిచేస్తుందనడానికి వైద్యపరమైన రుజువు లేదు.

అడవి బిడ్డలే జంతువులను తరిగించారన్న మాట నిలవదు. నల్లమల చెంచుల మధ్య పరిశోధన చేసి 1943లో వారిపై గ్రంథం ప్రచురించిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్, వారి తిండిలో తవ్వి తెచ్చుకున్న దుంపలదీ, ఏరుకున్న పండ్లదీ పెద్ద వాటా అనీ, వేట మాంసానిది చిన్న వాటా అనీ చూపాడు.

విశాఖపట్నం పెట్టెలు

ఏదుముల్లును విదేశీ కొనుగోలుదారులకు చేర్చినవారిలో విశాఖపట్నం పనివారు ఉన్నారు. 17వ శతాబ్దం చివరి నుంచే ఆ రేవు పట్టణంలో యూరోపియన్ల కోసం దంతం పొదిగిన కుర్చీలు, బీరువాలు, రాతబల్లలు తయారయ్యేవి. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు వాటిని ఇంగ్లండుకు తీసుకుపోయేవారు. 19వ శతాబ్దంలో గిరాకీ చిన్న వస్తువులకు మళ్ళింది: కుట్టుపని పెట్టెలు, రాత సామగ్రి పెట్టెలు, నగల పెట్టెలు. లోపల గంధపు చెక్క, పైన దంతపు రేకు, దానిపై గీసిన పూలతీగల్లో నల్లని లక్క నింపడం ఈ శైలి ప్రత్యేకత. దంతంతో పాటు గేదె కొమ్ము, దుప్పి కొమ్ము, తాబేటి చిప్ప, ఏదుముల్లు కూడా వాడారు.

ఏదుముళ్ళ పెట్టె తయారీ ఎంతో ఓర్పుతో కూడిన పని. ఒకే లావున్న ముళ్ళను ఏరి, శుభ్రం చేసి, కొనలు కోసి, చట్రంలో పక్కపక్కనే వరసగా అమర్చేవారు. ముల్లులో సహజంగా ఉండే తెలుపు, గోధుమ నలుపు పట్టీలు వరసలో కలిసి రంగు వేయకుండానే అందమైన చారలుగా ఏర్పడేవి. అంచులకు కొమ్ము, మధ్యలో దంతపు చుక్కలు అద్దేవారు. శ్రీలంకలోని గాలె పట్టణంలోనూ నల్లచేవ కర్రతో ఇటువంటి పెట్టెలు చేసి ఓడ ప్రయాణికులకు అమ్మేవారు. నేటికీ పాత వస్తువుల వేలాల్లో ఈ రెండు ఊళ్ళ పెట్టెలను పక్కపక్కన పెట్టి పోల్చుతారు.

ప్రదర్శన కోసం వేట

చర్మాన్ని శుద్ధి చేసి బతికున్న జంతువులా నిలబెట్టే టాక్సిడెర్మీ భారతదేశంలో మ్యూజియాలతో పాటు పెరిగింది. కలకత్తాలో 1814లో, మద్రాసులో 1851లో మ్యూజియాలు వెలిశాయి. 1883లో స్థాపించిన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ 1911లో క్షీరదాల సర్వే మొదలుపెట్టి, చిన్నా పెద్దా జంతువుల చర్మాలు, పుర్రెలు సేకరించింది. మైసూరులో 1900 ప్రాంతంలో యూజీన్ వాన్ ఇంగెన్ నెలకొల్పిన కర్మాగారం పులులు, చిరుతల పనికి ప్రపంచ ఖ్యాతి గడించింది.

టాక్సిడెర్మిస్టులకు ఏదుపంది కఠిన పరీక్ష. చర్మం పలుచన, కింద కొవ్వు మందం. కొవ్వు గీకకపోతే చర్మం కుళ్ళుతుంది, గట్టిగా గీకితే ముళ్ళ కుదుళ్ళు తెగి రాలిపోతాయి. అందుకే పొట్ట వైపు కోసి, ఆలస్యం చేయకుండా ఒలిచి, ముళ్ళకు దెబ్బ తగలకుండా చూసుకునేవారు. పురుగు పట్టకుండా పాషాణం కలిపిన సబ్బు పూసేవారు. 18వ శతాబ్దపు ఫ్రెంచి నిపుణుడు జాన్ బతీస్త్ బెకూర్ దాన్ని కనిపెట్టాడు. పాత నమూనాల్లో ఆ విషం ఇంకా ఉంటుంది గనుక మ్యూజియం సిబ్బంది చేతి తొడుగులు లేకుండా వాటిని ముట్టుకోరు.

ఏదుపందిని వేటాడే పెద్ద జంతువులకూ ముప్పు తప్పలేదు. ముక్తేశ్వర్ ఆడపులి ఏదుపందితో పోరులో ఒక కన్ను పోగొట్టుకుని, కాలిలో సుమారు యాభై ముళ్ళు దిగబడి, మనుషులను తినడానికి అలవాటుపడిందని వేటగాడు జిమ్ కార్బెట్ 1954లో ప్రచురించిన పుస్తకంలో రాశాడు.

చట్టం, నేటి స్థితి

ఆంధ్రప్రదేశ్ సహా 11 రాష్ట్రాల శాసనసభలు కోరిన మీదట పార్లమెంటు చేసిన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో, 2022 సవరణకు ముందు, ఏదుపంది నాలుగో షెడ్యూల్లో ఉండేది. 1991 సవరణ షెడ్యూళ్ళలోని జంతువుల వేటను దాదాపు పూర్తిగా నిషేధించింది. 2022 సవరణ సాధారణ నేరాలకు జరిమానా పరిమితిని 25,000 రూపాయల నుంచి లక్షకు పెంచింది. అనుమతి లేకుండా జంతువును చంపడం, దాని మాంసం, చర్మం అమ్మడం, లైసెన్సు లేకుండా టాక్సిడెర్మీ చేయడం నేరాలు.

వేరుశనగ, దుంప పంటలకు ఏదుపంది నష్టం చేస్తుందన్నది రైతుల న్యాయమైన ఫిర్యాదు. అయితే కరెంటు తీగలు, నాటుబాంబులు దీనికి పరిష్కారం కాదు. వాటికి మనుషులు, పశువులు కూడా బలవుతున్నారు. పంట నష్టాన్ని అటవీ శాఖకు తెలిపి పరిహారం కోరడం, పొలం చుట్టూ నేలలోకి దిగేలా కంచె వేయడం మేలైన మార్గాలు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య ఈ జాతిని తక్షణ ముప్పు లేని వర్గంలో ఉంచింది.