పక్కపక్కన డేరాల కోసం

అమెరికాలో బొనాంజా అనే చిన్న విమానాలున్న కొందరికి వచ్చిన చిక్కు వినడానికి చాలా చిన్నది. విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఓష్‌కోష్‌లో ఏటా జులై చివర విమానాల జాతర జరుగుతుంది. ఆ వారంలో పదివేల దాకా విమానాలు ఆ చుట్టుపక్కల వాలతాయి. చాలామంది పైలట్లు తమ విమానం రెక్క పక్కనే డేరా వేసుకుని మకాం పెడతారు. అయితే ఎవరు దిగితే వారిని అప్పటికి ఖాళీగా ఉన్న చోటికి పంపేస్తారు కాబట్టి స్నేహితులు తలో మూలా పడేవారు. అందరం ఒక్కసారే దిగితే డేరాలూ ఒక్కచోటే పడతాయి కదా అనుకున్నారు. అలా 1990లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని రాక్‌ఫర్డ్ నుంచి బొనాంజాలు గుంపుగా బయల్దేరాయి. అప్పటినుంచి అదో ఆనవాయితీ అయింది.

తమాషా ఏమిటంటే 1959 నుంచి 1969 దాకా ఆ జాతర జరిగింది రాక్‌ఫర్డ్‌లోనే. 1970లో అది సుమారు 200 కిలోమీటర్లు ఉత్తరానికి, ఓష్‌కోష్‌కు తరలిపోయింది.

విడిగా వచ్చేవారి దారి వేరు. రిపన్ అనే ఊరి దగ్గర మొదలుపెట్టి ఫిస్క్ దాకా రైలు పట్టాల మీదుగా, సముద్రమట్టానికి 1,800 అడుగుల ఎత్తున, 90 నాట్ల వేగంతో, అరమైలు ఎడంగా ఒకరి వెనక ఒకరు రావాలి. ఫిస్క్ దగ్గర నేలమీద కూర్చున్న కంట్రోలర్లు రంగునూ రకాన్నీ బట్టి విమానాన్ని పిలుస్తారు. పైలట్ రేడియోలో బదులివ్వడు. విన్నానని చెప్పడానికి రెక్కలు అటూ ఇటూ ఊపుతాడు, అంతే. బొనాంజాల గుంపు ఈ వరసలో చేరదు. వేళ ముందే ఖాయం చేసుకుని, మూడేసి విమానాల జట్లుగా వచ్చి దిగుతుంది. తర్వాత మూనీ, సెస్నా రకం విమానాల యజమానులు కూడా ఇదే బాట పట్టారు.

మామూలు పైలట్లకు ఇలా జట్టుగా ఎగరడం ఎలా అబ్బింది? దీని వెనక ఓ చక్కని చుట్టరికం ఉంది. బీచ్‌క్రాఫ్ట్ కంపెనీ 1947లో బొనాంజాను అమ్మకానికి పెట్టింది. ‘వి’ ఆకారపు తోకతో అది చూడగానే గుర్తుపట్టేలా ఉండేది. అదే విమానాన్ని ఆధారం చేసుకుని ఆ తోక తీసేసి మామూలు తోక పెట్టి, సీట్లు ఒకదాని వెనక ఒకటి అమర్చి, సైన్యానికి శిక్షణ విమానం తయారుచేసింది. 1948లో తొలిసారి ఎగిరిన ఆ టీ-34 మెంటర్ 1953లో అమెరికా వైమానిక దళంలో చేరింది. సైన్యం వదిలించుకున్నాక వాటిలో చాలా విమానాలు సొంతదారుల చేతికొచ్చాయి. సైనికుల్లా ఎగరాలన్న సరదా వాళ్లకు విమానంతోపాటే అంటుకుంది కాబోలు, సంఘం పెట్టుకుని ఫార్మేషన్, అంటే జట్టుగా ఎగిరే పద్ధతులకు ఓ మాన్యువల్ రాసుకున్నారు. తర్వాత ఎన్నో పౌర బృందాల శిక్షణకు అదే మూలమైంది.

అందులోని అసలు పాఠం కళ్లది. వింగ్‌మన్, అంటే జట్టులో పక్కన ఎగిరే పైలట్, తాను వెళ్లే దిక్కు చూడడు. ముందుండి నడిపించే లీడ్ విమానం మీద రెండు గుర్తులు ఎంచుకుని, అవి ఎప్పుడూ ఒకే వరసలో కనిపించేలా ఇంజన్ శక్తిని మార్చే థ్రాటిల్‌ను వెంట్రుకవాసి జరుపుతూ ఉంటాడు. లీడ్ కూడా ఇంజన్‌ను పూర్తి శక్తితో నడపడు. అలా నడిపితే వెనకబడినవాడు థ్రాటిల్ ఎంత నెట్టినా అందుకోలేడు. లీడ్ కనబడకుండా పోతే ఆ మాట వెంటనే రేడియోలో చెప్పి పక్కకు తప్పుకోవాలి.

లీడ్ మీద పెట్టుకునే ఈ నమ్మకం ఎంత దూరం తీసుకుపోతుందో 1982 జనవరి 18న నెవాడాలో తేలింది. అమెరికా వైమానిక దళపు ‘థండర్‌బర్డ్స్’ నాలుగు విమానాలతో లూప్ (గాల్లో నిలువు చక్కరు) సాధన చేస్తుండగా లీడ్ విమానం సమయానికి పైకి లేవలేదు. మిగిలిన ముగ్గురు పైలట్లూ లీడ్‌నే చూస్తూ వెంట వెళ్లారు. నలుగురూ నేలను ఢీకొని చనిపోయారు. హైదరాబాద్‌కూ అలాంటి చేదు జ్ఞాపకం ఉంది. 2010 మార్చి 3న బేగంపేట ఎయిర్ షోలో నౌకాదళ ‘సాగర్ పవన్’ బృందంలోని కిరణ్ విమానం బోయినపల్లిలో ఇళ్ల మధ్య కూలి, అందులోని ఇద్దరు పైలట్లూ మరణించారు.

సరదాగా ఎగిరేవాళ్లు ఇలాంటి గిరికీల జోలికి పోనక్కర్లేదు, అయినా ప్రమాదం లేకపోలేదు. పాత సైనిక విమానాల సంఘాలు ‘ఫాస్ట్’ పేరుతో ఉమ్మడి ప్రమాణాలు పెట్టుకున్నది అందుకే. పరీక్ష పాసైతే వింగ్ కార్డు ఇస్తారు. ముందుండి నడిపించాలంటే లీడ్ కార్డుకు మళ్లీ వేరే పరీక్ష. అమెరికా చట్టం మాత్రం పొట్టిదే. అన్ని విమానాల పైలట్లూ ముందే మాట్లాడుకుని ఉండాలి, ఢీకొనే ముప్పు వచ్చేంత దగ్గరగా ఎగరకూడదు, కిరాయికి ఎక్కిన ప్రయాణికులతో ఫార్మేషన్‌లో ఎగరనే కూడదు.