చందా అడుగుట నేర్పిన కార్యదర్శి

మన సంఘమునకు చందాలు తెచ్చిన పెద్దలు అలసినారు. ఈ ఉగాది నుండి కుర్రవారు బయలుదేరుచున్నారు. వారికి పరదేశమునందలి ఒక సంఘము కథ చెప్పదలచినాము.

1894లో దక్షిణాఫ్రికాలోని డర్బనులో నేటాల్ ఇండియన్ కాంగ్రెసు వెలసినది. పాతికేండ్లు నిండని గాంధీగారు కార్యదర్శి. నెల చందా కనీసము 5 షిల్లింగులు. అబ్దుల్లా సేటు 2 పౌనులు, గాంధీగారు 1 పౌను వేసుకొన్నారు. తొలి ఉత్సాహము నిలువలేదు. దినమంతయు వసూళ్లకు తిరిగి తిరిగి గాంధీగారి గుమాస్తా విసిగిపోయినాడు. (గుమాస్తా పాట్లు మాబోటి గుమాస్తాలకే ఎరుక!) అంతట చందాను ఏటికి 3 పౌనులు, అదియు ముందుగానే, అని మార్చినారు.

సంఘమే కొత్తది గనుక అందరికిని పని కొత్తయే. కార్యదర్శి తోటివారిని వెంటబెట్టుకొని ఊళ్లకు పోయెడివారు. టోంగాటులో ఆతిథ్యమిచ్చిన ఆసామి 6 పౌనులు ఇచ్చునని తలచినారు. ఆయన 3 మాత్రమే ఇత్తునన్నాడు. అది పుచ్చుకొన్నచో తక్కినవారును అట్లే తగ్గింతురు. అన్నము ముట్టక తెల్లవార్లు కూర్చున్నారు. వెంటవచ్చినవారు లోలోపల మండిపడినను నోరు జారలేదు. తూర్పు తెల్లవారుచుండగా ఆయన 6 పౌనులును ఇచ్చి, విందు పెట్టినాడు. ఇంతటి పట్టు మన వాడలో చెల్లునా యని మాకు సందేహమే. ఆ ఓర్పు మాత్రము నేర్వదగినది.

రసీదు అడుగనివారికిని ఇచ్చి తీరవలెను. అప్పుచేసి సంఘము నడుపరాదు. ఈ రెండును ఆయన నియమములు.

1921లో బెజవాడ కాంగ్రెసు కమిటీ సభ తిలక్ స్వరాజ్యనిధికి జూన్ 30 లోగా 1 కోటి రూపాయలు కూర్చవలెనని తీర్మానించినది. మొత్తము నిండినది. అప్పటికి ఆ కార్యదర్శికి 51 ఏండ్లు.

ఈసారి ప్రతి కుర్రవాని వెంట పెద్దలొకరు వచ్చెదరు. రసీదు పుస్తకములు సిద్ధముగా నున్నవి.