కార్కు రేవునుండి అపోలో బందరు వరకు

తెరచాప పడవల క్లబ్బు అనగానే మనలో పెక్కుమందికి పందెములును, వెండి కప్పులును జ్ఞప్తికి వచ్చును. కాని ఈ క్లబ్బుల పూర్వచరిత్రను పరిశీలించినచో పందెము ఆలస్యముగా వచ్చిన అతిథి యని తెలియును. ముందు వచ్చినది విందు. పదిమంది కలిసి పడవలపై బయలుదేరుట, ఒకచోట లంగరు వేయుట, కలిసి భుజించుట, తిరిగి వచ్చుట: ఇంతియే ఆ సంఘముల తొలి కార్యక్రమము. ఆ భోజనపు బల్లయొద్ద ఎవరికి చోటు కలదు, ఎవరికి లేదు అను ప్రశ్న తరువాతి రెండువందల ఏండ్లు ఈ క్లబ్బులను వెన్నంటి వచ్చినది. కడకు అది మన బొంబాయి తీరమున ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయపు గుమ్మమువద్ద విచిత్రమైన మలుపు తిరిగినది. కావున ఈ సంచిక చదువువారికి ఇది పరాయి కథ కాదు.

'యాట్' అను మాట డచ్చివారిది. వేటకు, తరుముటకు పనికివచ్చు వడిగల ఓడ అని దానికి అర్థము. 1660లో రెండవ చార్లెసు ప్రవాసమునుండి ఇంగ్లండు సింహాసనమునకు తిరిగి వచ్చినపుడు ఆంస్టర్‌డాం నగరమువారు ఆయనకు 'మేరీ' యను యాట్‌ను కానుకగా నిచ్చిరి. మరుసటి ఏడు అక్టోబరు 1వ తేదీన రాజును, ఆయన తమ్ముడు యార్కు ప్రభువును థేమ్సు నదిపై గ్రీనిచ్ నుండి గ్రేవ్‌సెండునకు, తిరిగి గ్రీనిచ్‌నకు నూరు పౌనుల పందెము వైచి పడవలు నడిపిరి. పోవునపుడు ఎదురుగాలిలో రాజు ఓడెను. వచ్చునపుడు గెలిచి తన సొమ్ము దక్కించుకొనెను. అన్నదమ్ముల ముచ్చటయే కాని అది సంఘము కాదు.

సంఘము ఐర్లండులో పుట్టినది. 1720లో కార్కు ఓడరేవులో ఇంచిక్విన్ ప్రభువును, ఆయన మిత్రులును 'వాటర్ క్లబ్' అను పేర నొక కూటమి నేర్పరచిరి. రష్యాలో పీటరు చక్రవర్తి అంతకు రెండేండ్ల ముందే నీవా నదిపై ఒక విహార నౌకాదళమును ఏర్పరచెనని వాదించువారు కలరు. కాని అది చక్రవర్తి ఆజ్ఞ. కార్కువారిది స్వచ్ఛంద సంఘము. ప్రాచీనత కార్కువారికే దక్కవలెనని నా అభిప్రాయము.

వారి నియమావళి నేటికిని నిలిచియున్నది. అది చదువుటకు మిక్కిలి వినోదకరము. ఏప్రిలు నెల మొదటి పెద్ద పోటునుండి సెప్టెంబరు కడపటి పెద్ద పోటువరకు, ప్రతి పెద్ద పోటునకును సభ్యులు కలిసికొనవలెను. పెద్ద పోటు అమావాస్యకును, పున్నమికిని వచ్చునుగదా! అనగా వారి సమావేశములు మన పెద్దల వ్రతములవలె చంద్రునిబట్టి నడచెడివి. సభ్యుల సంఖ్య 25కు మించరాదు. ఆనాటి విందునకు కర్త 'అడ్మిరల్'. ఆయన రెండు మాంసపు వంటకములకు మించి తేరాదు. రెండు డజన్ల ద్రాక్షసారా సీసాలకు మించి తేరాదు. న్యాయమూర్తులు అతిథులుగా వచ్చిననాడు మాత్రము సీసాల నియమమునకు సడలింపు! పొడవు తోక విగ్గులు, పెద్ద చేతుల చొక్కాలు, కుచ్చులు ధరించి రారాదు. నీటిపై అడ్మిరలు పడవను దాటి ఏ పడవయు ముందునకు పోరాదు. ఆయన సెలవు లేక గుంపును విడిచి పోరాదు. వందనము చేయుటకు ఫిరంగి లేని పడవవారు మూడుసార్లు జయధ్వానము చేసిన చాలును.

వీటిలో నాకు మిక్కిలి నచ్చిన నియమము వేరొకటి కలదు. భోజనానంతరము పడవ నడపుటను గూర్చి మాటలాడినవాడు జరిమానాగా నిండు గ్లాసు త్రాగవలెను. పడవల సంఘములో పడవల మాట నిషిద్ధము! మన సంఘముల విందులలో సీనియారిటీ జాబితాలను, కరువు భత్యపు బకాయిలను ముచ్చటించువారికి ఇట్టి జరిమానా ఒకటి విధించిన బాగుండుననిపించును. ద్రవ్యము మాత్రము మజ్జిగ కావచ్చును.

ఇంగ్లండులోను కథ ఇట్లే నడిచినది. 1815 జూన్ 1న లండను నగరపు ఒక విందుశాలలో 42 మంది సంపన్నులు చేరి 'యాట్ క్లబ్' స్థాపించిరి. 10 టన్నులకు తక్కువ కాని ఓడ గలవాడే సభ్యత్వమునకు అర్హుడు. ఏటేట లండనులోను, వైట్ ద్వీపమునందలి కౌస్ రేవులోను కలిసి భోజనము చేయుట వారి ఆశయము. పందెపు ఊసే లేదు. 1826 ఆగస్టులో, అనగా పదకొండేండ్లకు, నూరు పౌనుల విలువగల బంగారు గిన్నెకై తొలి పందెము జరిపిరి. బాల్ డాన్సులు, బాణసంచాలు తోడై అదియే తరువాత కౌస్ వారోత్సవముగా పెరిగెను. న్యూయార్కువారి తొందర వేరు. 1844 జూలై 30న 'గింక్రాక్' అను పడవలో తొమ్మిదిమంది కూర్చుండి క్లబ్బు నెలకొల్పి, ఆగస్టు 2వ తేదీననే గుంపుగా న్యూపోర్టునకు విహారయాత్ర బయలుదేరిరి.

కౌస్ క్లబ్బువారు 1833 నుండి 'రాయల్ యాట్ స్క్వాడ్రన్' అనిపించుకొనిరి. అందు ప్రవేశము రహస్య వోటుపై నాధారపడియుండెను. సభ్యులు పెట్టెలో తెల్ల గుండో నల్ల గుండో వేయుదురు. నల్లవి నియమిత సంఖ్యకు చేరినచో అభ్యర్థికి తలుపు మూసినట్లే. దీనికి బలియైనవారిలో మనకు పేరు తెలిసినవాడు సర్ థామస్ లిప్టన్. గ్లాస్గోలో కిరాణా కొట్టుతో మొదలుపెట్టి, 1890లో సింహళమునందు తేయాకు తోటలు కొని, లోకమునకు తేనీరు పోసిన వర్తకుడు. ప్రసిద్ధమైన అమెరికా కప్పు కొరకు 1899 మొదలు 1930 వరకు ఐదుమారులు 'షాంరాక్' అను ఓడలతో పోటీచేసి, ఐదుమారులును ఓడి, నవ్వుచునే ఇంటికి వచ్చెను. రాజులకు స్నేహితుడు; ఐనను కిరాణా వర్తకుడని కౌస్‌వారు ఆయనను దరిచేర్చలేదు. అందుచే ఐర్లండునందలి రాయల్ అల్‌స్టర్ క్లబ్బు పేర పోటీ చేయవలసి వచ్చెను. కడకు 1931లో ఆయనకు సభ్యత్వమిచ్చిరి. ఆ యేటనే ఆయన మరణించెను.

శనివారపు సగము సెలవు వచ్చిన పిమ్మట సామాన్యునికి నీరు కొంత దగ్గరయ్యెను. 1850 నాటి ఫ్యాక్టరీ చట్టము నేతమిల్లులలో స్త్రీలకు, బాలురకు శనివారము మధ్యాహ్నము 2 గంటలకు పని ముగియవలెనని శాసించెను. క్రమముగా ఆఫీసులకును ఆ వాడుక వ్యాపించెను. 1872లో థేమ్సు తీరమున వెలసిన కొరింథియన్ క్లబ్బువారు జీతపు నావికులు లేక తామే పడవ నడపుకొను పద్ధతిని ప్రోత్సహించిరి. వారాంతపు సామూహిక విహారము ఇట్టివారి చేతిలోనే స్థిరరూపము పొందెను. శనివారము పోటు చూచుకొని పడవలన్నియు ఒక్కసారి బయలుదేరును. ప్రతి తెరచాప కొయ్యపైనను క్లబ్బువారి ముక్కోణపు జెండా ఎగురును. సాయంకాలమునకు ముందే నిర్ణయించుకొన్న ఏదో యొక వాగు మొగను చేరి, పడవలను ప్రక్కప్రక్కనే త్రాళ్ళతో బిగించి కట్టుదురు. ఒకని పడవలో వంట, వేరొకని పడవలో పాట. ఆదివారము తిరుగు ప్రయాణమును పందెముగా మార్చుకొందురు. పడవల పొడవునుబట్టి, తెరచాప వైశాల్యమునుబట్టి కాలములో హెచ్చుతగ్గులు లెక్కగట్టి విజేతను తేల్చుదురు. చిన్న పడవవాడు వెనుక వచ్చియు గెలువవచ్చును.

ఈ వేడుక మన దేశమునకు తెల్లదొరలతో వచ్చెను. బొంబాయి యాట్ క్లబ్బు 1846లో స్థాపితమయ్యెను. 1876లో విక్టోరియా రాణి అనుమతిచే 'రాయల్' బిరుదము పొందెను. పిదప అపోలో బందరు తీరమున వారికి అందమైన భవనము లేచెను. ఇంగ్లండునకును, ఇచ్చటికిని ఋతువులు తారుమారు. వారికి వేసవియే విహారకాలము. ఇచ్చట జూన్ మొదలు సెప్టెంబరు వరకు నైరృతి ఋతుపవనము సముద్రమును కలచివేయును గనుక పడవలను గట్టెక్కించి కప్పియుంచవలసినదే. అక్టోబరునుండి మే వరకు మధ్యాహ్నపు సముద్రగాలిపై ఘారాపురి దిక్కునకో, అఖాతమునకు ఆవలనున్న మాండ్వాకో పోయివచ్చుట పరిపాటి. ఆ రేవున పోటుపాటుల తేడా పెద్దనాళ్ళలో 4 మీటర్లకు మించును. కాలము తప్పినచో పడవ బురదలో కూర్చుండును. ఆ లోతులు, ఆ బురదలు తరతరములుగా ఎరిగినవారు కొంకణపు తండేళ్ళు, ఖలాసీలు. మన కోస్తావారికిని తండేలు అను మాట చుట్టమే.

తండేలు లేనిదే దొరవారి పడవ కదలదు. కాని క్లబ్బు భోజనశాలలో ఖలాసీకే కాదు, కోటీశ్వరుడైన భారతీయునికిని చోటు లేదు. సభ్యులు ఐరోపావారై యుండవలెను. 1913 నుండి 1918 వరకు బొంబాయి గవర్నరుగా ఉండిన లార్డు విల్లింగ్డన్ ఒకమారు ఒక భారతీయ అతిథిని వెంటబెట్టుకొని పోగా ఈ క్లబ్బువారు అడ్డుచెప్పిరనియు, రోషము చెంది ఆయన వేరొక క్లబ్బు పెట్టించెననియు బొంబాయిలో చెప్పుకొందురు. ఆ అతిథి ఎవరను విషయమై కథలు ఒకదానితో నొకటి పొసగవు. కథ యెట్లున్నను, ఐరోపావారికిని, భారతీయులకును సమానముగా తలుపు తెరచిన విల్లింగ్డన్ స్పోర్ట్సు క్లబ్బు 1917లో వెలసినమాట నిజము. ఒక్క విషయము మరువరాదు: గవర్నరుకు కోపము వచ్చిన మరొక క్లబ్బు పుట్టెను, ఖలాసీకి కోపము వచ్చిన ఏమగునో ఎవరును వ్రాసిపెట్టలేదు.

1924లో ఆ తీరముననే భారత ద్వారము ఆవిష్కరింపబడెను. 1948 ఫిబ్రవరి 28న కడపటి బ్రిటిషు సైనికదళము ఆ ద్వారము క్రిందుగానే ఓడ యెక్కి వెడలిపోయెను. మరుసటి యేడే, అనగా 1949లో, పాత క్లబ్బు భవనములోనికి కొత్త కాపురస్థులు వచ్చిరి: హోమీ భాభాగారి టాటా మౌలిక పరిశోధన సంస్థ. అణుశక్తి కార్యాలయములకును ఆ భవనమే నెలవయ్యెను. 'ఓల్డ్ యాట్ క్లబ్' అను పేరు సర్కారు చిరునామాలలో అట్లే నిలిచిపోయెను. క్లబ్బువారు మాత్రము దగ్గరనే యున్న తమ నివాస భవనమునకు తరలిరి; నేటికిని అందే యున్నారు.

భారతీయునికి కుర్చీ వేయని ఆ కప్పు క్రిందికి 1949లో భాభాగారి ఆహ్వానముపై ఒక తెలుగువాడు అడుగిడెను. ఆయన కొమరవోలు చంద్రశేఖరన్‌గారు. 1920లో మచిలీపట్టణమున జన్మించి, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, ప్రిన్స్‌టన్‌లో పరిశోధన చేసి వచ్చిన గణితవేత్త. బందరున పుట్టి అపోలో బందరు చేరినాడన్నమాట. రెండింటను రేవు అను అర్థమిచ్చు పారశీక పదమొకటే. సంస్థయొక్క గణితశాఖను నిర్మించినవాడు ఆయనయే. ప్రపంచ ప్రసిద్ధులైన గణితవేత్తలను పిలిపించి ఉపన్యాసములిప్పించుట, యువ విద్యార్థులచే ఆ ఉపన్యాసములకు గ్రంథరూపము చేయించుట ఆయన నెలకొల్పిన సంప్రదాయము. 1955లో ఫ్రెంచి గణితవేత్త లోరాన్ ష్వార్ట్స్ వచ్చి ఉపన్యసించెను. 1962లో సంస్థ కొలాబా కొనయందలి నూతన భవనమునకు మారెను. చంద్రశేఖరన్‌గారు 1965లో జూరిచ్ వెళ్ళి, 2017లో అచ్చటనే కన్నుమూసిరి.

గణితమునకును, పడవల క్లబ్బులకును మనదేశమున మరియొక చుట్టరికము కలదు. మద్రాసు యాట్ క్లబ్బును 1911లో స్థాపించినవాడు సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్. ఆంగ్లో-ఐరిష్ ఇంజనీరు, మద్రాసు ఓడరేవు ట్రస్టునకు అధ్యక్షుడు. 1912 మార్చి 1న ఆయన కార్యాలయమున నెలకు 30 రూపాయల జీతముపై ఒక గుమాస్తా చేరెను. ఆ గుమాస్తా శ్రీనివాస రామానుజన్. ఆ యువకునికి ఊడిగమునుండి విముక్తి కలిగించి చదువునకు తోవచూపుటలో స్ప్రింగు దొర చేసిన సాయము మరువరానిది. 1914 మార్చి 17న రామానుజన్ అదే రేవునుండి 'నెవాసా' ఓడపై ఇంగ్లండునకు పయనమయ్యెను.

స్వాతంత్ర్యానంతరము పడవపందెములు దొరల వినోదమునుండి జాతీయ క్రీడగా మారుటకు కొంతకాలము పట్టినది. 1960లో అఖిల భారత యాటింగ్ సంఘము ఏర్పడెను. సైనిక దళములవారు ముఖ్యముగా ఈ విద్యను పోషించిరి. 1982 ఆసియా క్రీడలలో తెరచాప పందెములు బొంబాయి సముద్రముననే జరిగెను. 'ఫైర్‌బాల్' తరగతిలో ఫరోఖ్ తారాపూర్, జరీర్ కరంజియాలు స్వర్ణపతకము గెలిచిరి.

సముద్రము లేని మన హైదరాబాదునకు ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలమున, 1562లో, త్రవ్విన హుస్సేన్‌సాగరము ఈ విషయమున సముద్రమై నిలిచినది. బొంబాయిలో పడవలు గట్టెక్కి కప్పుకొని నిద్రించు జూలై నెలలోనే ఇచ్చట తెరచాపలు విప్పుదురు. అచ్చట అలలను రేపిన ఋతుపవనము చెరువుపైకి వచ్చునప్పటికి పందెమునకు తగిన గాలిగా మారియుండును. 2009లో ఏర్పడిన హైదరాబాదు యాట్ క్లబ్బువారు బస్తీల పిల్లలను, ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులను చేరదీసి శిక్షణ నిచ్చుచున్నారు. వారిలో కొందరు జాతీయ పోటీలలో విజేతలైరి. వారు మొదట ఎక్కునది 'ఆప్టిమిస్ట్' అను బుల్లి పడవ. 1947లో అమెరికాయందలి ఫ్లోరిడాలో పిల్లలకొరకే రూపొందించినది. పొడవు 8 అడుగులకు లోపు, తెరచాప ఒక్కటి, కూర్చుండువారు ఒక్కరు. అందులో తండేలును, ఖలాసీయు, దొరయు ఆ బిడ్డయే.