షరియా ముద్ర వెనక ఎవరున్నారు? హజ్ పొదుపు నుంచి మొబైల్ యాప్ దాకా

ఈ వారం ఎపిసోడ్‌లో చెప్పుకున్న విషయాన్నే ఇక్కడ కాస్త కుదించి రాస్తున్నాం. డ్యూటీ హడావిడిలో వినలేకపోయినవాళ్ళు తీరిగ్గా చదువుకోండి.

మలేషియాలో పనిచేసే మనవాళ్ళకి బ్యాంకు బోర్డు మీద ‘ఇస్లామిక్’ అనే మాట అలవాటే. ఇప్పుడు ఫోన్‌లో పెట్టుబడి యాప్‌ల మీద కూడా ‘షరియా’ ముద్ర కనిపిస్తోంది. ఆ ముద్ర ఎవరు వేస్తారు? వాళ్ళేం చదివారు? మన మతం ఏదైనా సరే, మన జీతం నడిచే దారి ఇది. తెలుసుకోవాలి.

కథ హజ్ యాత్రతో మొదలైంది. ఒకప్పుడు మలయా పల్లెల్లో రైతులు మక్కా వెళ్ళడానికి ఏళ్ళ తరబడి డబ్బు ఇంట్లోనే దాచుకునేవాళ్ళు. వడ్డీ పాపమని బ్యాంకు గడప తొక్కేవాళ్ళు కాదు. చాలక పొలమో, పశువులో అమ్ముకుని వెళ్ళి, తిరిగొచ్చేసరికి చేతిలో ఏమీ మిగిలేది కాదు. 1959లో ఉంగ్కు అజీజ్ అనే ఆర్థికవేత్త దీనికో మార్గం రాసి ప్రభుత్వానికిచ్చారు: అందరి పొదుపూ ఒకచోట చేర్చి, వడ్డీ లేని వ్యాపారాల్లో పెట్టి, లాభం పంచాలి. కైరోలోని అల్ అజ్హర్ పెద్ద మహమూద్ షల్తూత్ 1962లో ఇక్కడికొచ్చినప్పుడు దానికి సమ్మతి తెలిపారు. మరుసటి ఏడాది సంస్థ మొదలైంది. అదే నేటి తాబుంగ్ హాజీ. లెక్క తెలిసినవాడు ఒకడు, ధర్మశాస్త్రం తెలిసినవాడు ఒకడు. ఆ జోడీయే తర్వాత వచ్చినవాటన్నిటికీ పునాది.

ఆ ఆలోచనలో మన హైదరాబాద్‌కీ వాటా ఉంది. 1908లో అక్కడ పుట్టి, ఉస్మానియాలో చదివి, పారిస్‌లో స్థిరపడిన ముహమ్మద్ హమీదుల్లా, వడ్డీ లేకుండా అప్పులిచ్చే హైదరాబాద్ సంఘాల గురించి 1955లో యూరప్‌లోని ఒక పరిశోధన పత్రికలో రాశారు. ఆయనా మనలాగే ఊరు విడిచి వచ్చినవాడే.

మలేషియాలో 1983లో బ్యాంక్ ఇస్లాం తెరుచుకుంది. 1997లో ఇక్కడి కేంద్ర బ్యాంకు, బ్యాంక్ నెగారా, షరియా సలహా మండలిని పెట్టింది. 2009 చట్టంతో ఆ మండలి తీర్పులకి కట్టుబడి ఉండాల్సిన బాధ్యత బ్యాంకుల మీద పడింది. అయితే చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ధర్మశాస్త్రం చదివినవాళ్ళకి బ్యాలెన్స్ షీటు అర్థం కాదు, బ్యాంకు చదువులవాళ్ళకి ధర్మశాస్త్రం రాదు. ఆ రెంటినీ కలిపి నేర్పడానికే కేంద్ర బ్యాంకు 2005లో ఇన్సీఫ్ అనే విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పింది.

ఇలాంటి పట్టభద్రులు ముఖ్యంగా మూడు చూస్తారు. వడ్డీ ఉందా? ఒప్పందంలో దాపరికం, అంటే ‘గరర్’, ఉందా? లాభం జూదంలా, అంటే ‘మైసిర్’ లాగా వస్తోందా? పాత ప్రశ్నలే, కానీ ఫోన్‌కి అతికినట్టు సరిపోతాయి. 2020 జులైలో సెక్యూరిటీస్ కమిషన్ షరియా మండలి డిజిటల్ ఆస్తుల మీద తేల్చి చెప్పింది: రిజిస్టరైన ఎక్స్ఛేంజీల్లో వాటి కొనుగోలు, అమ్మకం సూత్రరీత్యా సమ్మతమే. అంటే ‘క్రిప్టో’ అని పేరున్న ప్రతిదానికీ, వాట్సాప్‌లో వచ్చిన ప్రతి లింకుకీ అనుమతి దొరికిందని కాదు.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. ముద్ర ఉన్నంత మాత్రాన డబ్బు భద్రమని కాదు. 2017 చివరికి తాబుంగ్ హాజీ ఆస్తులకన్నా బాకీలు 410 కోట్ల రింగిట్లు ఎక్కువున్నాయని ప్రభుత్వమే 2018 డిసెంబరులో ప్రకటించి, సంస్థని చక్కదిద్దే పని మొదలుపెట్టింది. 2019లో బెంగళూరులో హలాల్ పెట్టుబడి పేరుతో నడిచిన ఒక సంస్థ కూలిపోయి వేలమంది కష్టార్జితం పోయింది. హలాలా కాదా అని చెప్పేవాడు ఉంటే చాలదు. లెక్కలు తనిఖీ చేసేవాడూ ఉండాలి, వాడి మీద ప్రభుత్వ నిఘా కూడా ఉండాలి.

మనవాళ్ళలో చాలామంది వీసా కోసం ఊళ్ళో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి వచ్చారు. లక్షకి నెలకి మూడు వేలు. రెండేళ్ళ కాంట్రాక్టు ముగిసేసరికి 72 వేలు కట్టినా అసలు అలాగే ఉంటుంది. అది త్వరగా తీర్చేయాలన్న ఆత్రంలో ఉన్నవాడికి ‘నెలకి పది శాతం, పూర్తిగా హలాల్’ అనే ప్రకటన తీపిగా వినిపిస్తుంది. మోసగాళ్ళు కాచుకుని కూర్చునేది సరిగ్గా అక్కడే.

కాబట్టి డబ్బు పంపేముందు అడగండి. ఈ లాభం ఏ వ్యాపారం నుంచి వస్తోంది? నష్టం వస్తే ఎవరు భరిస్తారు? షరియా సలహాదారు పేరేంటి, లైసెన్సు ఎవరిచ్చారు? బ్యాంక్ నెగారా, సెక్యూరిటీస్ కమిషన్ రెండూ జనాన్ని హెచ్చరించడానికి అనుమతి లేని సంస్థల జాబితాలు తమ వెబ్‌సైట్లలో పెడతాయి. ఒకసారి చూడండి. అక్కడ పేరు లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు, లైసెన్సు వివరం కూడా విడిగా సరిచూసుకోండి. జవాబు సూటిగా రాకపోతే, ఆ డబ్బు ముందు ఊళ్ళో అప్పుకి కట్టేయండి. నూటికి మూడు మిగలడం ఖాయం.